చెమటలో ఉప్పును కొలిచే పరీక్ష మాకు దగ్గరలో ఎందుకు లేదు?

గౌరవనీయులైన సంపాదకులకు,

ఏటా ఫిబ్రవరి చివరి రోజున అరుదైన వ్యాధుల దినం జరుపుతారు. దానికి ముందూ వెనకా మన పత్రికల్లో కోట్ల రూపాయల ఇంజెక్షను కోసం ఎదురుచూసే పసిపిల్లల ఫొటోలు, దాతలకు విన్నపాలు అచ్చవుతుంటాయి. ఆ తల్లిదండ్రుల బాధను తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు. అయితే అరుదైన వ్యాధి అనగానే అందని మందూ, తీరని అప్పూ మాత్రమే గుర్తుకొచ్చేటట్లు రాయడం వల్ల పాఠకులకు ఒక నష్టం జరుగుతోంది. మా ఇంట్లో ఉన్న అరుదైన వ్యాధి పేరు సిస్టిక్ ఫైబ్రోసిస్, ఊపిరితిత్తులనూ జీర్ణశక్తినీ దెబ్బతీసే పుట్టు జబ్బు. మా మనుమరాలు దీనివల్ల మూడేళ్ళు కోల్పోయింది, కానీ ఖరీదైన మందు దొరకక కాదు. ముంజేతి మీద అరగంటసేపు చెమట పట్టించి, అందులోని ఉప్పును కొలిచే ఒక పరీక్ష జరగక. ఆ పరీక్ష గురించీ, రోగం తేలిన తర్వాత ఇంట్లో రోజూ జరగవలసిన పనుల గురించీ, ఇవన్నీ హైదరాబాద్ దాకా పోకుండా వరంగల్‌లోనే ఎలా సాధ్యమో కూడా వివరంగా రాస్తున్నాను. నేను వైద్యుణ్ణి కాను, ముప్పై రెండేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. కాబట్టి ఇందులోని వైద్య విషయాలు మా డాక్టర్లు చెప్పగా రాసిపెట్టుకున్నవీ, తర్వాత చదివి సరిచూసుకున్నవీ మాత్రమే.

మా మనుమరాలు 2019 జనవరిలో పుట్టింది. ఏడాది నిండిన తర్వాత, 2020 ఫిబ్రవరిలో, మేడారం తీసుకెళ్ళి నిలువెత్తు బంగారం మొక్కు చెల్లించాము. అక్కడ బంగారమంటే బెల్లమని మన ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. ఆ రోజు పాప ఏడు కిలోల బెల్లానికి తూగింది. రెండేళ్ళ తర్వాత, 2022 జాతరలో మళ్ళీ తక్కెడలో కూర్చోబెడితే తొమ్మిది కిలోలు దాటలేదు. లెక్కలు రాసుకునే అలవాటు ఉండడం వల్ల, ఇంటికి రాగానే పాత డైరీ తీసి చూశాను. రెండేళ్ళలో పెరిగింది రెండే కిలోలు. మూడేళ్ళ పిల్ల బరువు పధ్నాలుగు కిలోలకు అటూ ఇటూగా ఉండాలని అంగన్‌వాడీ గోడ మీది పట్టిక చెబుతుంటే, మా ఇంట్లో ఆ సంగతిని మొదట కనిపెట్టినది బెల్లం తూచే తక్కెడ.

తిండి లేక చిక్కిపోయిందా అంటే అదీ కాదు. పెద్దవాళ్ళతో సమానంగా తినేది, తిన్న గంటకే మళ్ళీ అడిగేది. రోజుకు నాలుగైదు సార్లు దొడ్డికి వెళ్ళేది. ఆ మలం జిడ్డుగా, భరించలేని వాసనతో, నీళ్ళు పోసినా తేలుతూ ఉండేది. కడుపులో పాములున్నాయని మందు వేయించాము, దిష్టి తీయించాము. ఏడాదిన్నర వయసు నుంచి దగ్గు వదల్లేదు. రెండుసార్లు నెమ్ము చేసి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. పేరు చెప్పడం నా ఉద్దేశం కాదు గనుక ఒక ప్రైవేటు ఆసుపత్రి అని మాత్రమే అంటాను, అక్కడ ఎక్స్‌రే చూసి, కఫంలో క్రిమి కనబడకపోయినా పిల్లల టీబీ అని తేల్చి ఆరు నెలలు మందులు వాడించారు. ఆ డాక్టరును నేను నిందించను. మన దగ్గర వెయ్యి మంది పిల్లలు దగ్గుతూ వస్తే టీబీ, ఆస్తమా ఉన్నవారే ఎక్కువ ఉంటారు, ఆ అనుమానం సహజమే. కానీ ఆరు నెలల మందు పూర్తయినా దగ్గు తగ్గలేదు, బరువు పెరగలేదు. అప్పుడైనా మొదటి అనుమానాన్ని మళ్ళీ తిరగేసి చూడవలసింది.

ఇంట్లో నేను చేసిన తప్పు ఇంతకన్నా చిన్నది కాదు. ఒకరోజు మా కోడలు, "మామా, బిడ్డను ముద్దు పెట్టుకుంటే పెదవులకు ఉప్పగా తగులుతాంది" అన్నది. ఎండకాలం, చెమట పడితే ఉప్పగా ఉండదా అని కొట్టిపారేశాను. వైద్య పుస్తకాల్లో ఈ జబ్బు గుర్తులలో ముందు వరుసలో ఉండేది ఆ మాటేనని తర్వాత తెలిసింది.

2022 రోహిణి కార్తెలో పాప ఒక్కసారిగా వాలిపోయింది. విరేచనాలు లేవు, జ్వరం కూడా పెద్దగా లేదు. రెండు రోజులు వాంతులు చేసుకుని, కళ్ళు లోతుకు పోయి, పిలిస్తే పలకని స్థితికి వచ్చింది. హనుమకొండలో చేర్పిస్తే రక్తంలో సోడియం, పొటాషియం, క్లోరైడు మూడూ అడుగంటి ఉన్నాయని, రక్తంలో క్షారగుణం పెరిగిందని చెప్పారు. రాత్రి డ్యూటీలో ఉన్న ఒక యువ డాక్టరు మాత్రం, విరేచనాలు లేకుండా ఇంత ఉప్పు ఎక్కడికి పోయిందని తనలో తాను అనుకున్నట్లుగా అని, మా కోడలి వైపు తిరిగి, "పాపను ముద్దు పెట్టుకుంటే ఉప్పగా ఉంటుందా అమ్మా?" అని అడిగాడు. ఆమె జవాబు చెప్పలేదు, నా వైపు చూసింది.

ఆయన రాసిచ్చిన ఉత్తరం పట్టుకుని హైదరాబాద్ వెళ్ళాము. వరంగల్, హనుమకొండలలో మేము అడిగిన చోట్ల ఎక్కడా చెమట పరీక్ష లేదన్నారు. పరకాల నుంచి బస్సులో హనుమకొండ, కాజీపేట నుంచి రైలులో సికింద్రాబాద్ వరకు నూటముప్పై కిలోమీటర్లకు పైగా ప్రయాణం. నీరసించిన బిడ్డతో రెండుసార్లు చేశాము. రెండోసారి ఎందుకంటే మొదటిసారి చెమట చాలినంత రాలేదు. పరీక్ష చేసే తీరు వింటే ఇంత మామూలు విషయమా అనిపిస్తుంది. ముంజేతి మీద చెమట పట్టించే పైలోకార్పిన్ అనే మందు పెట్టి, స్పర్శకు జివ్వుమనేంత స్వల్పమైన కరెంటు కొన్ని నిమిషాలు పంపుతారు. ఆ చోట పట్టిన చెమటను అరగంటసేపు సేకరించి, అందులో క్లోరైడు, అంటే ఉప్పులో ఉండే ఒక భాగం, ఎంత ఉందో కొలుస్తారు. లీటరుకు 60 మిల్లీమోల్స్, ఆ పైన ఉంటే సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నట్లు లెక్క. 30 నుంచి 59 మధ్య ఉంటే మళ్ళీ చేయాలి, జన్యు పరీక్షతో పోల్చుకోవాలి. మా పాపకు 104 వచ్చింది.

ఈ పరీక్ష పుట్టుకలో మన ప్రాంతం వారు గమనించవలసిన సంగతి ఒకటుంది. 1938లో డొరొతీ ఆండర్సన్ అనే అమెరికా వైద్యురాలు ఈ వ్యాధిని విడిగా గుర్తించి వర్ణించారు. అయితే చెమటకూ దీనికీ ఉన్న సంబంధాన్ని బయటపెట్టింది 1948లో న్యూయార్క్‌ను వేధించిన ఎండలు. ఆ వడగాలుల్లో సొమ్మసిల్లి ఆసుపత్రికి వచ్చిన పిల్లలలో ఈ జబ్బున్నవారు ఉండడం గమనించిన పాల్ డి సాంట్ ఆగ్నీసే అనే వైద్యుడు, వారి చెమటలో ఉప్పు మామూలు కంటే చాలా ఎక్కువని 1953లో ప్రకటించారు. ఇప్పుడు వాడుతున్న పైలోకార్పిన్ పద్ధతిని గిబ్సన్, కుక్ అనే ఇద్దరు 1959లో రూపొందించారు. వరంగల్‌లో కాకతీయ వైద్య కళాశాల మొదలైనదీ ఆ ఏడాదే. న్యూయార్క్‌లో ఒక వేసవి ఎండలకు బయటపడిన రహస్యం, మే నెలలో 45 డిగ్రీలు చూసే మన ఉత్తర తెలంగాణలో ఇన్ని వేసవులు గడిచినా డాక్టర్లకు తట్టకపోవడానికి కారణం, ఇది తెల్లవారి జబ్బు, మన దేశంలో ఉండదు అని చాలాకాలం నమ్మడమే. నిజానికి మన వైద్య పత్రికల్లో 1960ల నుంచే దీని గురించి రాస్తున్నారు.

జబ్బు స్వభావం మాకు చెప్పిన పద్ధతిలోనే చెబుతాను. మన శరీర కణాల గోడలకు ఉప్పు రాకపోకలు చూసే ఒక ద్వారం ఉంటుంది. ఏడో క్రోమోజోము మీద ఉన్న సీఎఫ్‌టీఆర్ అనే జన్యువు దాన్ని తయారుచేస్తుంది, ఆ జన్యువును 1989లో కనుగొన్నారు. ఆ ద్వారం పనిచేయకపోతే చెమటలోంచి ఉప్పు తిరిగి లోపలికి రాదు, ఊపిరితిత్తుల్లో పలుచగా జారవలసిన తెమడ జిగురులా గట్టిపడి క్రిములకు నిలయమవుతుంది, క్లోమం (పాంక్రియాస్) నుంచి పేగుకు రసం మోసే సన్నని గొట్టాలు పూడుకుపోయి తిన్న కొవ్వు అరగక బయటికి పోతుంది. మూడు చోట్ల మూడు జబ్బులుగా కనిపించినవన్నీ ఒకటే జబ్బు అని వినగానే నాకు మొదట కలిగినది భయం కాదు, ఇన్నాళ్ళకు లెక్క సరిపోయిందన్న తృప్తి. భయం ఇంటికి వచ్చాక మొదలయింది.

మేనరికం గురించి కూడా రాయాలి, ఎందుకంటే దాన్ని దాచి ఈ లేఖ రాస్తే నిజాయితీ ఉండదు. మా కోడలు నా చెల్లెలి కూతురు. ఆ సంబంధం కుదిర్చినవాణ్ణి నేనే. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపమున్న జన్యువులు కలిస్తేనే ఈ జబ్బు వస్తుంది. లోపమున్న జన్యువును ఒక్కటే మోస్తున్న తల్లిదండ్రులకు ఏ ఇబ్బందీ ఉండదు, వారికి పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. రక్తసంబంధం ఉన్నచోట ఇద్దరిలోనూ ఒకే లోపం ఉండే వీలు ఎక్కువ; అయితే సంబంధం లేని దంపతులకూ పుడుతుంది. మా వాడకట్టులో కొందరు తల్లి పాల దోషమని మా కోడలిని అనడం నా చెవిన పడింది. తండ్రి వాటా కూడా సరిగ్గా అంతే ఉంటుందని వారికి కాగితం మీద గీసి చూపించాను, కొందరు ఒప్పుకున్నారు. జన్యు పరీక్షలో లోపం ఏదో తెలిస్తే, తర్వాతి గర్భంలో తొలి నెలల్లోనే పరీక్ష చేయించుకునే వీలుందని డాక్టర్లు చెప్పారు. రెండో కాన్పు సంగతి మా అబ్బాయి, కోడలు ఇద్దరే తేల్చుకోవలసినది, అందులో నేను తలదూర్చలేదు.

ఇక ఇంటి పని. ఈ జబ్బులో వైద్యం ఆసుపత్రిలో నెలకో, మూడు నెలలకో ఒకరోజు జరిగితే, మిగతా రోజులన్నీ ఇంట్లోనే జరుగుతుంది. అన్నిటికంటే తొందరగా ఫలితం చూపించినవి పాంక్రియాటిన్ గొట్టం మాత్రలు (క్యాప్సూళ్ళు), అంటే క్లోమరసానికి బదులుగా వేసే ఎంజైము మందు. కొవ్వు ఉన్న ఏది తిన్నా, పాలు తాగినా, ముందుగా ఇది వేయాలి. బిడ్డ మింగలేకపోతే గొట్టం విప్పి, లోపలి గుళికలను నలగగొట్టకుండా అరటిపండు గుజ్జులో కలిపి తినిపించాలి. వేడి అన్నంలో గానీ పాలలో గానీ కలిపితే పనికిరాకుండా పోతాయి, నోట్లో మిగిలితే పుండ్లు పడతాయి కనుక వెంటనే నీళ్ళు తాగించాలి. మోతాదు బరువును బట్టి డాక్టరే నిర్ణయించాలి. విరేచనం సరిగా లేదని మనంతట మనం పెంచుకుంటూ పోకూడదు, కిలో బరువుకు రోజుకు 10,000 లైపేజ్ (కొవ్వును అరిగించే ఎంజైము) యూనిట్లు దాటితే పెద్దపేగుకు ప్రమాదం. ఎండకు ఈ మందు శక్తి తగ్గుతుంది కాబట్టి మా డబ్బా పొయ్యి ఉన్న గదిలో కాక మంచినీళ్ళ కుండ పక్కన చల్లని చోట ఉంటుంది. ఇది పంది క్లోమం నుంచి తీసే మందు అని తెలిసిన రోజు, శనివారాలు ఒంటిపూట ఉండే నా భార్య ఏమంటుందోనని నేను జంకాను. ఆవిడ కాసేపు ఆలోచించి, వరాహావతారం భూమిని ఎత్తింది, మన పిల్లను ఎత్తదా అన్నది. మందు వేసిన పది రోజులకే మలంలో జిడ్డు పోయింది, రెండు నెలలకు కిలోన్నర బరువు వచ్చింది.

తిండి విషయంలో మాకు ఉన్న ఉపదేశాలన్నీ తిరగబడ్డాయి. నూనె తగ్గించు, ఉప్పు తగ్గించు అని నాకు చెప్పే డాక్టర్లే, పాపకు నెయ్యి పెంచండి, ఉప్పు పెంచండి అంటారు. సర్వపిండి మీద మరో చెంచా నూనె, అన్నంలో నెయ్యి, పల్లీలు, నువ్వుల ముద్ద, గుడ్డు, మీగడ పెరుగు, ఏది పెట్టినా ముందు గొట్టం మందు. ఏ, డి, ఈ, కె విటమిన్లు కొవ్వుతో కలిసి ఒంటబట్టేవి కనుక వాటిని విడిగా ఇవ్వాలి. ఉప్పు సంగతి మన ఎండల దృష్ట్యా మరీ ముఖ్యం. పచ్చిపులుసు, ఉప్పు వేసిన మజ్జిగ, మామిడికాయ తొక్కు మా పాపకు ఇప్పుడు పథ్యం. ఎండ ముదిరిన రోజుల్లో డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం అదనపు ఉప్పు, నిజమైన ఓఆర్ఎస్ ఇస్తాము. నిజమైన అని ఎందుకు అంటున్నానంటే, మందుల దుకాణాల్లో అదే పేరుతో తియ్యటి పానీయాల డబ్బాలు ఏళ్ళ తరబడి అమ్మారు. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ దీర్ఘకాలం పోరాడిన మీదట 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. మామూలు పిల్లలకే హాని చేసే ఆ తీపినీళ్ళు, ఉప్పు కారిపోయే పిల్లలకు ఎంత చేటో వేరే చెప్పనవసరం లేదు.

ఛాతీ పని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ముందు గాలి గొట్టాలను తెరిచే మందు, తర్వాత ఉప్పునీటి ఆవిరి నెబులైజరులో, ఆ తర్వాత తట్టడం, ఊదించడం, దగ్గించి తెమడ తీయించడం, యాంటీబయోటిక్ ఆవిరి రాసి ఉంటే అది అన్నిటికంటే చివర. ఈ వరుస తప్పితే మందు తెమడ మీద పడి వృథా అవుతుంది. తట్టడం నా పని. అరచేతిని దోసిలిలా వంచి, వెన్నెముక మీదా కడుపు మీదా పడకుండా, వీపు పక్కలా ఛాతీ పక్కలా లయగా తట్టాలి. అన్నం తినకముందే చేయాలి. నేను వేమన పద్యాలు చదువుతూ తడతాను, ఒక్కో చోట పది పద్యాలు. ఆటవెలది నడక దానికి సరిగ్గా సరిపోతుందని నా అనుభవం, పిల్లకు పద్యాలూ వచ్చేశాయి. ఇప్పుడు ఏడేళ్ళు నిండాయి కాబట్టి ఫిజియోథెరపిస్టు సీసా పద్ధతి నేర్పారు: నీళ్ళు పోసిన సీసాలో గొట్టం పెట్టి బుడగలు ఊదాలి. ఆ ఎదురు ఒత్తిడికి ఊపిరి గొట్టాలు తెరుచుకుని తెమడ కదులుతుంది. పిల్లలకు ఇది ఆట. కాకపోతే నీళ్ళు ఎప్పటికప్పుడు మార్చాలి, గొట్టం కడగాలి, ఎంత లోతు నీళ్ళన్నది నిపుణులు చూపించాకే మొదలుపెట్టాలి. నెబులైజరు కప్పును సబ్బుతో కడిగి, ఐదు నిమిషాలు మరిగించి, గాలికి ఆరబెట్టడం మా కోడలు ఒక్కరోజు కూడా మానలేదు. తడిలో పెరిగే సూడోమోనాస్ అనే క్రిమి ఈ పిల్లల ఊపిరితిత్తుల్లో కాపురం పెడితే వెళ్ళగొట్టడం చాలా కష్టం. నిలవ నీళ్ళ కూలరును కూడా అందుకే తీసేశాము. ఎనుమాముల మార్కెట్లో గుమస్తా పని చేసే మా అబ్బాయి పత్తి దుమ్ము, మిరప ఘాటుతో ఇంటికి వచ్చి, స్నానం చేయకుండా బిడ్డను ముట్టుకోడు. నలభై ఏళ్ళ నా చుట్ట అలవాటు పోయింది, దానికి వైద్యుడి ఉపన్యాసం అవసరం కాలేదు.

మంచి వైద్యం ఎక్కడ దొరుకుతుందని నాకు ఫోను చేసేవారు అడుగుతుంటారు. పెద్ద భవనమో, పేరు వెనక అక్షరాలో చూసి నేను చెప్పలేను. మా అనుభవంలో మంచి డాక్టరు అంటే, వెళ్ళిన ప్రతిసారీ బిడ్డ బరువు, ఎత్తు కొలిచి గ్రాఫు మీద చుక్క పెట్టేవారు, దగ్గు లేకపోయినా మూడు నెలలకొకసారి కఫం పరీక్షకు పంపి అది ఏ జబ్బు బిడ్డదో ల్యాబుకు రాసి చెప్పేవారు, తట్టడం సరిగ్గా వస్తోందా అని మన చేత చేయించి చూసేవారు. ఈ జబ్బున్న పిల్లల నుంచి పిల్లలకు క్రిములు మారతాయి కనుక వారిని ఒకే బెంచీ మీద కూర్చోబెట్టని చోటు మంచి చోటు. ఢిల్లీలోని ఎయిమ్స్‌లో, వేలూరులోని క్రైస్తవ వైద్య కళాశాలలో ఈ జబ్బును చూస్తున్న అనుభవం ఎక్కువ. వరంగల్ నుంచి కాట్పాడికి రైలుంది, స్తోమత ఉన్నవారు ఏడాదికొకసారి అక్కడ చూపించుకుని, మధ్యలో స్థానికంగా ఒక పిల్లల డాక్టరు పర్యవేక్షణలో ఉండవచ్చు. మాకు ఆ యువ డాక్టరే ఇప్పటికీ దిక్కు.

ప్రభుత్వం వైపు చూస్తే కాగితం మీద కొంత ఉంది. 2021 మార్చిలో కేంద్రం ప్రకటించిన జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో ఈ జబ్బు పేరు రెండు చోట్ల కనిపిస్తుంది: ఎంజైము మందుతో నెట్టుకురాగల జబ్బుగా రెండో వర్గంలో, ఖరీదైన కొత్త మందుల సందర్భంలో మూడో వర్గంలో. 2022లో సాయం పరిమితిని 50 లక్షల రూపాయలకు పెంచారు, అది గుర్తింపు పొందిన కేంద్రాల ద్వారా అందాలి. తెలంగాణకు అటువంటి కేంద్రం హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రితో కలిసి పనిచేసే సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరీక్షల సంస్థ. 2013 నుంచి బడులకు, అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో 30 సమస్యలున్నాయి, వాటిలో ఆయాసపు దగ్గు ఉంది కానీ ఈ జబ్బు లేదు. కాబట్టి మా పాపలాంటి బిడ్డను ఆ బృందం చూసినా ఆయాసం గడిలో టిక్కు పెట్టి వెళ్ళిపోతుంది. 50 లక్షల హామీకి చేరుకోవాలంటే ముందు రోగం పేరు తేలాలి, పేరు తేలాలంటే చెమట పరీక్ష కావాలి, దారి అక్కడే తెగిపోయి ఉంది.

కాబట్టి నేను కోరుతున్నది పెద్దదేమీ కాదు. వరంగల్‌లోని ప్రభుత్వ బోధనాసుపత్రిలో చెమట పరీక్ష పరికరం ఒకటి, దానిపై శిక్షణ పొందిన టెక్నీషియన్లు ఇద్దరు, వారంలో ఒక నిర్ణీత రోజు ఉండాలి. ఖర్చు ఎక్కువంటారేమో, ఢిల్లీ ఎయిమ్స్ పిల్లల వైద్యులు దేశీయంగా తయారుచేసిన పద్ధతిలో చెమట సేకరించి క్లోరైడు కొలవవచ్చని 2002లోనే ఇండియన్ పీడియాట్రిక్స్ పత్రికలో ప్రచురించారు. ములుగు, భూపాలపల్లి, మంచిర్యాల, ఆసిఫాబాద్, ఆదిలాబాద్ బిడ్డలందరికీ వరంగల్ దగ్గరవుతుందని నేను అనను, పటం అందరికీ తెలుసు. కరీంనగర్‌లో మరొకటి పెడితే ఇంకా మంచిది. రెండో కోరిక ఎంజైము గొట్టాలది. మాకు నెలకు నాలుగు వేలు దాటుతున్నాయి, నా పింఛనులోంచి వెళుతున్నాయి కాబట్టి ఆగలేదు. కూలి చేసుకునే ఇంట్లో రెండు పూటలకు ఒక గొట్టంగా కుదించుకుంటారు, బిడ్డ మళ్ళీ చిక్కిపోతుంది. విధానంలో పేరు రాసి ఉన్న మందును జిల్లా ఆసుపత్రి మందుల కిటికీ దగ్గర ఇవ్వడానికి కొత్త చట్టం అవసరం లేదు.

జన్యులోపాన్నే సరిదిద్దుతూ పనిచేసే మూడు మందుల కలయిక ఒకటి 2019లో అమెరికాలో అనుమతి పొందింది. దాని ధర అక్కడ ఏడాదికి మూడు లక్షల డాలర్లకు పైమాట. అన్ని రకాల లోపాలకూ అది పనిచేయదు, అందుకే జన్యు పరీక్ష కాగితం భద్రపరచుకోవాలని తల్లిదండ్రులకు నా మనవి. మన పేటెంటు చట్టంలో నిర్బంధ లైసెన్సు అనే ఏర్పాటు ఉంది, అంటే పేటెంటు ఉన్న మందును వేరే సంస్థ తయారుచేయడానికి ప్రభుత్వమే ఇచ్చే అనుమతి; 2012లో ఒక క్యాన్సర్ మందుకు దాన్ని మొదటిసారి పొందినది హైదరాబాద్‌కు చెందిన నాట్కో సంస్థే. ఆ తలుపు తట్టవలసిన బాధ్యత ప్రభుత్వాలది. అది తెరుచుకునే దాకా బిడ్డల ఊపిరితిత్తులు నిలిచి ఉండాలంటే పైన చెప్పిన చవక పనులన్నీ ఇవాళే జరగాలి.

ఈసారి జాతరకు పాపను తీసుకెళ్ళలేదు, ఆ దుమ్మూ జనమూ ఆమెకు పడవు. ఇంట్లోనే తూచి, పందొమ్మిది కిలోల బెల్లం పక్కింటివారితో పంపాము. రెండో తరగతి చదువుతోంది. మధ్యాహ్న భోజనానికి ముందు గొట్టం మింగడం, పక్కన ఉప్పు మజ్జిగ సీసా పెట్టుకోవడం, దగ్గు వస్తే బయటికి వెళ్ళి తెమడ ఉమ్మేసి రావడం వాళ్ళ టీచరమ్మ మామూలు సంగతిలాగా జరగనిచ్చింది. ఇది అంటురోగం కాదని మిగతా పిల్లల తల్లులకు ఆవిడే చెప్పింది.

మీ విలేకరులు ఏమి రాసినా రాయకపోయినా ఈ గుర్తులు మాత్రం ఇళ్ళకు చేరాలి: పుట్టిన వెంటనే నల్ల మలం పోక పేగు అడ్డుపడిన బిడ్డ, ముద్దు పెట్టుకుంటే ఉప్పగా ఉండే, నుదుటి మీద ఉప్పు తెట్టు కట్టే బిడ్డ, ఎంత తిన్నా బరువు పెరగక, జిడ్డు మలం పోయే బిడ్డ, మళ్ళీ మళ్ళీ నెమ్ము చేసి, టీబీ మందుకూ ఆయాసం మందుకూ లొంగని బిడ్డ, విరేచనాలు లేకుండానే ఎండకు వాలిపోయే బిడ్డ. వీటిలో రెండు కనిపించినా చెమట పరీక్ష అవసరమా అని డాక్టరును అడగాలి.

రోహిణి కార్తె మే 25న మొదలవుతుంది. స్థలం చాలక ఈ లేఖలో మిగతాదంతా తీసివేయవలసి వచ్చినా, గుర్తులు చెప్పిన ఆ ఒక్క పేరాను అంతకు ముందే అచ్చువేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
పరకాల, హనుమకొండ జిల్లా.